కుంటకి తిండి ఎవరు పెడుతున్నారు?

ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వచ్చింది. కుంట వైపు నుంచి ఏదో చప్పుడు. వందల నోళ్లు ఒకేసారి చప్పరిస్తున్నట్టు. టార్చి పట్టుకుని గట్టు మీదకి పరిగెత్తాను. నీళ్ల పైనంతా చేపల మూతులే. నాన్న ఉన్నప్పుడు వదిలిన చేపలు, గాలి కోసం నోళ్లు పైకెత్తి గుటకలు వేస్తున్నాయి. కొన్ని అప్పటికే పక్కకి ఒరిగిపోయి తెల్లటి పొట్టలు చూపిస్తున్నాయి.

దానికి నాలుగు రోజుల ముందు కుంటలో కలుపు మందు కొట్టించాను. అమ్మినతను "ఒక్కసారే మొత్తం కొట్టించెయ్యండమ్మా, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. నమ్మాను. మందు పనిచేసింది కూడా. గుర్రపుడెక్క ఆకులు వడలిపోయాయి, పాచి గోధుమరంగుకి తిరిగింది. మూడో రోజు చూసి సంతోషపడ్డాను. నాలుగో రోజు తెల్లారకముందే ఇది.

మందు విషానికి చేపలు చచ్చాయని తమ్ముడు అన్నాడు. అసలు కారణం అది కాదని ఆ తర్వాత చదువుకుంటే తెలిసింది. నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ చాలా తక్కువ. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాములు పడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి మించి పట్టదు. చేపలు హాయిగా ఉండాలంటే 5 అయినా కావాలి. పగలంతా నీళ్లలోని మొక్కలు, నాచు ఎండలో ఆక్సిజన్ చేస్తాయి. రాత్రి అవి కూడా మనలాగే పీల్చుకుంటాయి. అందుకే ఏ కుంటలో అయినా ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారే ముందు. మేం ఏం చేశామంటే, ఆక్సిజన్ తయారుచేసే పచ్చదనాన్ని ఒకే రోజు చంపేశాం. ఆ చచ్చినదంతా ఒకేసారి కుళ్లడం మొదలుపెట్టింది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి కూడా ఆక్సిజనే కావాలి. చేపల వంతు మిగల్లేదు.

తమ్ముడు మోటారు దింపి, కుంట నీళ్లనే తోడి పైపుతో గాల్లోకి ఎగజిమ్మి మళ్లీ కుంటలోనే పడేలా పెట్టాడు. ఆ జల్లు పడుతున్న చోటికి చేపలు గుంపుగా వచ్చి చేరాయి. వాటిలో చాలావరకు బతికాయి. మిగిలిన 118 చేపల్ని తట్టల్లో ఎత్తి గొయ్యి తీసి పూడ్చాం.

ఇది జరిగి ఆరేళ్లయింది. ఆ పొద్దున్నే నిర్ణయించుకున్నాను, ఈ కుంట గురించి తెలుసుకోకుండా ఇందులో ఇంకేమీ పొయ్యనని.

మా కుంట పెద్దదేం కాదు. అర ఎకరం. మధ్యలో ఎనిమిది అడుగుల లోతు, అంచుల్లో మోకాలి లోతు. నాన్న పోయాక నాలుగేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఆ నాలుగేళ్లలో పడమటి మూల గుర్రపుడెక్క కమ్మేసింది, అంచుల్లో పాచి తెట్టు కట్టింది, నీళ్ల అడుగున హైడ్రిల్లా అనే తీగ కలుపు అడవిలా పెరిగింది. అడుగు పెడితే తొడ దాకా దిగిపోయే నల్లటి బురద, కోడిగుడ్డు కుళ్లిన వాసన.

మందు కథ అయిపోయిన ఏడాదికే గుర్రపుడెక్క మళ్లీ వచ్చింది. ఎండా తిండీ బాగా దొరికితే అది రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. రెట్టింపు అంటే ఏమిటో కళ్లతో చూస్తే గానీ అర్థం కాదు. పావు వంతు కుంట నిండటానికి ఎన్నో నెలలు పట్టినట్టు అనిపిస్తుంది. పావు అర కావడానికి, అర మొత్తం కావడానికి కలిపి నెల చాలు. ఆ ఆఖరి నెలలోనే అందరూ కంగారుపడతారు. పని చెయ్యాల్సింది గుప్పెడు మొక్కలున్నప్పుడు.

ఈసారి చేత్తోనే తీశాం. నడుము లోతు నీళ్లలో నిలబడి గుర్రపుడెక్క లాగడం నాకు ఇష్టమైన పని అయిపోయింది, ఇది నిజంగా చెప్తున్నాను. ఆకు కాడ మొదట్లో చిన్న బుడగలా ఉబ్బి ఉంటుంది. వేళ్లతో నొక్కితే లోపల స్పాంజిలాంటి గుజ్జు గాలి వదులుతూ టప్ మంటుంది. మొక్కని పైకెత్తితే కింద అరచెయ్యి పొడుగు వేళ్లు, నల్లగా, ఊదారంగు తిరుగుతూ, పక్షి ఈకల్లా వేలాడతాయి. ఆ వేళ్లలో ఒక ఊరే ఉంటుంది. గోరంత నత్తలు, పారదర్శకంగా ఉండే రొయ్య పిల్లలు, తూనీగ పిల్ల పురుగులు, ఒకసారి చిటికెన వేలంత చేప కూడా. మొదట్లో చూసుకోకుండా అన్నిటినీ గట్టున విసిరేశాను. ఇప్పుడు లాగిన మొక్కల్ని ఒక రాత్రి నీటి అంచునే, వేళ్లు నీటి వైపు ఉండేలా పరుస్తాను. కదలగలిగినవి తెల్లారేసరికి దిగి వెళ్లిపోతాయి. మర్నాడు మొక్కల్ని దూరంగా మోసుకుపోతాం.

ఆ "దూరంగా" అన్న మాట ఖరీదు తెలుసుకోవడానికి నాకొక వానాకాలం పట్టింది. మొదటిసారి తీసినదంతా గట్టు మీదే కుప్ప పోశాను, ఎండాక చూద్దాంలే అని. రెండు వారాలకి పెద్ద వాన పడింది. కుప్ప కింద నుంచి టీ డికాక్షన్ లాంటి నల్లటి నీళ్లు కారి వరసగా కుంటలోకి వెళ్తున్నాయి. నాలుగు రోజులు నడుము పడిపోయేలా బయటికి లాగినదాని సారమంతా ఒక్క వాన తిరిగి లోపలికి తీసుకెళ్లింది. ఇప్పుడు కుప్ప కుంటకి నలభై అడుగుల అవతల, నీళ్లు కుంట వైపు పారని చోట వేస్తాను. గుర్రపుడెక్కలో వందకి తొంభై ఐదు పాళ్లు నీళ్లే. ఒక ఇరవై కిలోల తట్ట ఎండాక ఒక కిలో మిగుల్తుంది. అందుకే దూరం మొయ్యడం కష్టమనుకునేవాళ్లు ముందు అంచున ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి, కానీ వాన రాకముందే కదిలించండి.

హైడ్రిల్లా దగ్గర ఇంకో పాఠం. కొడవలి తీసుకుని దిగి కోసేశాను. పచ్చటి తీగలు ముక్కలు ముక్కలుగా తేలాయి, గాలికి అవతలి అంచుకి కొట్టుకుపోయాయి. నెల తిరిగేసరికి అంతకుముందు హైడ్రిల్లా లేని అవతలి అంచున కూడా మొలిచింది. ఆ మొక్క కణుపు ఉన్న చిన్న ముక్క చాలు, వేరు వేసుకుంటుంది. పైగా బురదలో శనగ గింజంత దుంపలు దాచుకుంటుంది. ఇప్పుడు కొయ్యను. పొడవాటి కర్రకి పళ్ల దంతె బిగించి, తీగకి అడుగుదాకా పట్టు చిక్కేలా మెలితిప్పి లాగుతాను. గాలి వాలున ఒక వల అడ్డం కట్టి, తేలిన ముక్కలన్నీ సాయంత్రానికి ఏరేస్తాను. ఆ ఏరే పని విసుగనిపిస్తే అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది.

మెట్ల దగ్గర మొక్కలు రాకుండా ప్లాస్టిక్ పట్టా పరిచిన ప్రయత్నం కూడా చెప్పాలి. వారానికి అది బెలూన్‌లా ఉబ్బి పైకి తేలింది. అడుగు బురదలోంచి వచ్చే గ్యాసు కింద చేరింది. తర్వాత గాలి ఆడే గోనె పట్టాలు పరిచి రాళ్లు పెట్టాను. అవి రెండేళ్లు పనిచేశాయి.

ఇలా రెండేళ్లు లాగుతూనే ఉన్నాం. తీసినప్పుడు బాగుంటుంది, మళ్లీ నిండుతుంది. గుర్రపుడెక్క తగ్గిన చోట నీళ్లు బఠాణీ రంగుకి తిరిగి నాచు పట్టేది. ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని నన్ను నేను అడిగిన ప్రశ్న, ఇంత పచ్చదనం పెరగాలంటే దీనికి తిండి ఎక్కడి నుంచి వస్తోంది?

ఈ ప్రశ్న నాకన్నా చాలా ముందే అడిగినవాళ్లున్నారు. కెనడాలోని ఒంటారియోలో పరిశోధన కోసమే కేటాయించిన చిన్న చిన్న సరస్సులున్నాయి. డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 1973లో 226 నంబరు సరస్సుకి మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేసింది. ఒక వైపు కార్బన్, నత్రజని వేశారు. రెండో వైపు ఆ రెండిటితో పాటు భాస్వరం వేశారు. భాస్వరం వేసిన వైపు నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. భాస్వరం వెయ్యని వైపు మామూలుగానే ఉన్నాయి. పైనుంచి తీసిన ఆ ఫోటో చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఒకే సరస్సు, ఒకే ఎండ, మధ్యలో ఒక తెర. తేడా అంతా భాస్వరం. ఎండిన నాచు బరువులో భాస్వరం వందో వంతు మాత్రమే ఉంటుంది. అంటే ఒక కిలో భాస్వరం కుంటలోకి వస్తే వందల కిలోల పచ్చి నాచుకి సరిపోతుంది. దాన్ని నేను తట్టలతో తోడుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత పడిన మొదటి పెద్ద వానకి గొడుగు వేసుకుని కుంట చుట్టూ తిరిగాను. ఎవరైనా తమ చెరువు గురించి ఒకే ఒక్క పని చెయ్యగలిగితే ఈ పని చెయ్యమంటాను. ఎండలో చూస్తే ఏమీ కనిపించదు. వానలో కుంట తన రహస్యాలన్నీ చెప్పేస్తుంది. ఉత్తరం గట్టు కింద నుంచి జేగురు రంగు కాలువ ఒకటి లోపలికి దూకుతోంది. దాని వెంట పైకి నడిస్తే పక్కింటి బాబాయిగారి పశువుల పాక, పాక వెనక పేడకుప్ప. ఇంకో పక్క మేం బట్టలు ఉతికే బండ నుంచి సబ్బు నురగ. మూడోది నాకు మరీ బాధ కలిగించింది. గట్టు మీద నేనే పెంచిన పూలమొక్కలకి నేనే వేసిన ఎరువు, తెల్లటి గుళికలు, కరుగుతూ కిందికి జారుతున్నాయి.

పూలమొక్కలకి ఎరువు ఆ రోజే మానేశాను. ఉతికే బండ నీళ్లని అరటి మొక్కలకి మళ్లించాం. బాబాయిగారి దగ్గరికి వెళ్లడానికి మాత్రం వారం ఆలోచించాను. పెద్దాయన, నాన్నకి స్నేహితుడు. మాటలతో చెప్తే నింద వేసినట్టు ఉంటుందని, వాన పడుతుండగా పిలుచుకొచ్చి చూపించాను.

"ఇది మా పాక నుంచేనా అమ్మాయ్?"

"అవును బాబాయిగారూ. మీ ఎరువు మీ పొలానికి పోవాల్సింది, మా కుంటకి వస్తోంది."

ఆయన చాలాసేపు ఆ కాలువనే చూస్తూ నిలబడ్డారు. "ఇన్నేళ్లూ నీళ్లతో పాటు నా బంగారం పారబోసుకున్నానన్నమాట" అన్నారు. పది రోజుల్లో కుప్పని పల్లానికి అవతల వైపు మార్చి, చుట్టూ జానెడు గట్టు కట్టించి, పైన రేకులు వేయించారు. మేం మా వైపు కాలువ కుంటలో కలిసే ముందు ఒక చిన్న గొయ్యి తవ్వాం. నీళ్లు అందులో ఆగి, మట్టి కిందికి దిగి, తేట మాత్రం ముందుకి పోతుంది. గొయ్యి దాటాక ఇరవై అడుగుల మేర జమ్ము, తుంగ వదిలేశాం. ఏడాదికోసారి గొయ్యిలో చేరిన బురద ఎత్తి పొలానికి వేస్తారు. ఎనిమిది అడుగుల లోతు కుంటలో బురద తియ్యడం కన్నా మూడడుగుల గొయ్యిలో తియ్యడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు.

అప్పుడే కొలవడం కూడా మొదలుపెట్టాను. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త, చర్చి ఫాదర్ కూడా, ఓడ మీద నుంచి తెల్లటి పళ్లెం సముద్రంలోకి దింపి ఎంత లోతు దాకా కనిపిస్తుందో చూశాడు. ఇప్పటికీ సరస్సుల తేటదనం కొలిచేది ఆ పద్ధతిలోనే. నేను జానెడు వెడల్పు రేకు బిళ్లకి నాలుగు భాగాలు గీసి, ఒకటి విడిచి ఒకటి నలుపు తెలుపు రంగు వేశాను. మధ్యలో తాడు కట్టి, తాడుకి అయిదు సెంటీమీటర్లకో ముడి వేశాను. ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం నీడ పడే వైపు నుంచి దింపుతాను. కనిపించకుండా పోయిన చోట ముడి లెక్కపెడతాను. మొదటి కొలత 20 సెంటీమీటర్లు. నా చెయ్యి మోచేతి దాకా ముంచితే వేళ్లు కనిపించేవి కావు.

ఏడాదికి 30 అయింది. అంతే. పైనుంచి తిండి ఆపేశాం కదా, ఇంకా ఎందుకు తేటపడదు అని చాలా టెన్షన్ పడ్డాను. జవాబు బురదలో ఉంది. ఏళ్ల తరబడి చేరిన భాస్వరం అడుగు బురదలో ఇనుముతో కలిసి అతుక్కుని ఉంటుంది. అడుగున ఆక్సిజన్ ఉన్నంతసేపు ఆ ముడి నిలుస్తుంది. ఆక్సిజన్ అయిపోగానే ముడి విడిపోయి భాస్వరం మళ్లీ నీళ్లలోకి వస్తుంది. నా కుంట తన పాత తిండి తానే తింటోంది. స్వీడన్‌లో ట్రుమ్మెన్ అనే సరస్సుకి మురుగు ఆపినా బాగుపడక, 1970, 1971 రెండు వేసవుల్లో అడుగు బురద ఒక మీటరు మందం తోడేశాకే తేటపడింది.

మాకు మీటరు అక్కర్లేకపోయింది. నీళ్లు అట్టడుగుకి దిగిన వేసవిలో పూడిక తీయించాం. ముందు ఒక ఇనప ఊచ పట్టుకుని కుంటంతా తిరిగి గుచ్చి చూశాను. మెత్తగా దిగినంత మేర బురద, ఠక్కున ఆగిన చోట గట్టి అడుగు. ఎక్కువ చోట్ల అడుగున్నర, మూలల్లో రెండున్నర. ప్రతి చోటా కర్ర పాతి గీత పెట్టాను, గీత దాటి తవ్వొద్దని. ఈ జాగ్రత్త తప్పనిసరి. అడుగున ఉండే బంకమట్టి పొరే నీళ్లని పట్టి ఉంచుతుంది. లోతు ఎక్కువైతే మంచిదే కదా అని దాన్ని చీల్చితే ఆ తర్వాత కుంట నిలవదు. అదే ఊపులో అంచుల్ని కూడా ఏటవాలుగా మూడడుగుల లోతుకి దింపించాం. మోకాలి లోతు నీళ్లలో ఎండ నేల దాకా దిగుతుంది, కలుపు అక్కడే మొదలవుతుంది. పిల్లలు దిగే మెట్ల పక్కన మాత్రం లోతు చెయ్యలేదు.

బురద తినేస్తుందని చెప్పి బాక్టీరియా పొట్లాలు అమ్ముతారు. ఒక సీజనంతా వేశాను. ఊచతో కొలిస్తే ముందూ తర్వాతా ఒకటే. అదే డబ్బుతో కొన్న చిన్న గాలి పంపు, అడుగున బుడగలు వదిలేది, నిజంగా పనికొచ్చింది. కుళ్లిన వాసన మూడు నెలల్లో పోయింది. అయితే దాన్ని మొదటి రోజే గంటలకొద్దీ నడపకూడదు. అడుగున ఉన్న చెడ్డ నీళ్లన్నీ ఒకేసారి పైకి కలిసి చేపలకి ప్రమాదం. అరగంటతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచుకుంటూ పోయాను.

గడ్డిచేపలు వదలమని చాలామంది చెప్పారు. అవి నీటి అడుగు మొక్కల్ని బాగా తింటాయి, గుర్రపుడెక్క జోలికి పెద్దగా పోవు. ఎక్కువ వదిలితే అడుగు మొక్కలన్నీ అయిపోయి, వాటి తిండి నాచుకి దొరికి, నీళ్లు బఠాణీ రంగుకి తిరుగుతాయి. తోటి కుంటల్లో చూశాను కాబట్టి వద్దనుకున్నాను. తేట నీళ్లకి అడుగు మొక్కలు శత్రువులు కావు. కుంటలో మూడో వంతు మొక్కలు నేను కావాలనే ఉంచుతాను, అందులో కలువలు, ఒక మూల హైడ్రిల్లా కూడా. ఒకేసారి ఎప్పుడూ పావు భాగానికి మించి తియ్యను. తీసిన చోటికీ ఉంచిన చోటికీ మధ్య చేప పిల్లలు తిరుగుతూ కనిపిస్తాయి.

పురుగుల సాయం గురించి మాత్రం ఆశ్చర్యపోయాను. ఆస్ట్రేలియాలో మూన్‌డర్రా సరస్సుని సాల్వీనియా అనే తేలే కలుపు కప్పేసింది. 1980లో బ్రెజిల్ నుంచి తెచ్చిన ముక్కుపురుగుల్ని వదిలారు. గింజంత పురుగులు. ఏడాది కాస్త దాటేసరికి ఆ కలుపంతా మునిగిపోయింది. గుర్రపుడెక్కకి కూడా అలాంటి ముక్కుపురుగులున్నాయి, కానీ వాటిని వదలడం ప్రభుత్వ శాస్త్రవేత్తల పని. అర ఎకరానికి నా చేతులు చాలు.

ఒక విషయంలో మాత్రం చేతులు పెట్టకండి. నీళ్ల మీద ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కనిపిస్తే అది మామూలు పాచి కాకపోవచ్చు. ముందు ఒక కర్రతో తియ్యండి. జుట్టులా, దారాల్లా కర్రకి చుట్టుకుంటే అది దారపు నాచు, దంతెతో తీసెయ్యొచ్చు. చుట్టుకోకుండా రంగులా అంటితే, చేతికి తొడుగు వేసుకుని గాజు సీసాలో నీళ్లు పట్టి కదపకుండా ఉంచండి. కొన్ని గంటలకి పచ్చదనం పైకి తేలి పొరలా కడితే నీలి ఆకుపచ్చ నాచు అని అనుమానించాలి. అందులో కొన్ని రకాలు కాలేయాన్ని పాడుచేసే విషం చేస్తాయి. మరగబెట్టినా ఆ విషం పోదు. పిల్లల్ని, కుక్కల్ని, పశువుల్ని ఆ నీళ్ల దగ్గరికి రానివ్వకండి. మైలుతుత్తం చల్లితే చస్తుంది, నిజమే, కానీ చచ్చేటప్పుడు లోపలి విషమంతా నీళ్లలోకి వదులుతుంది. నాలుగో ఏడు వేసవిలో మాకు పది రోజులు అలాంటి తెట్టు వచ్చింది. మెట్లకి తాడు కట్టి మూసేశాం, గాలి పంపు రాత్రింబవళ్లు నడిపాం. ఒక పెద్ద వానకి ఆ తెట్టు విరిగిపోయింది.

పోయిన ఆదివారం బిళ్ల దింపాను. 95 సెంటీమీటర్లు. పుస్తకంలో రాసుకుని, అలవాటు ప్రకారం చుట్టూ ఒక తిరుగుడు తిరిగాను. ఉత్తరం గట్టు కింద, జమ్ము మొదట్లో, చెవి తమ్మెంత ఆకులు రెండు తేలుతున్నాయి. కాడ మొదట్లో ఆ చిన్న బుడగ కూడా అప్పుడే ఉబ్బుతోంది. గుర్రపుడెక్క గింజలు బురదలో పదిహేను, ఇరవై ఏళ్లు పడి ఉండి కూడా మొలుస్తాయి. ఇది బహుశా నాన్న ఉన్నప్పుడు పడిన గింజ. వేలితో కింద నుంచి ఎత్తి, వేళ్లలో ఏ నత్తా లేదని చూసుకుని, పూలమొక్కల అవతల ఎండలో వేసి వచ్చాను. ఈ వారం ఆ చుట్టుపక్కల ఇంకో రెండు కనిపించాయి.